స్టెరాయిడ్‌తోనే నెట్టుకురావచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. రెండేళ్ళ కిందట రోజుకు ఏడెనిమిదిసార్లు రక్తం, జిగటతో విరేచనాలు పట్టుకుంటే కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. పెద్దపేగు ఎడమవైపంతా పుండ్లు ఉన్నాయన్నారు. మెసలమైన్ మాత్రలతో నాలుగు నెలల్లో శుభ్రంగా తగ్గిపోయింది, మానేశాను. కొన్నాళ్ళకు తిరగబెట్టింది. ఈసారి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. వారంలో మంత్రం వేసినట్టు తగ్గింది. అప్పట్నుంచి రక్తం కనబడినప్పుడల్లా పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే తెచ్చుకుంటున్నాను. ఏడాదిలో ఇది నాలుగోసారి. ఇప్పుడు 10 మి.గ్రా.కి దిగేసరికి మళ్ళీ రక్తం పడుతోంది. ముఖం ఉబ్బింది, నిద్ర లేదు. డాక్టరు గారు అజాథయోప్రిన్ రాశారు. ఫోన్‌లో చూస్తే క్యాన్సర్ వస్తుందని ఉంది, అందుకని కొనలేదు. పెళ్ళై మూడేళ్ళు, పిల్లల కోసం చూస్తున్నాం. ఇంగ్లీషు మందులన్నీ ఆపేసి పసరు మందు వాడమని మా అత్తగారు అంటున్నారు. చిన్న మోతాదులో స్టెరాయిడ్ వేసుకుంటూ నెట్టుకురాకూడదా?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఒక్క మాట చెప్పి, మిగతాది నింపాదిగా మాట్లాడతాను. ఇది చదవగానే స్టెరాయిడ్ బిళ్ళలు పక్కన పడేయకండి. నెలల తరబడి ప్రెడ్నిసలోన్ మింగిన ఒంట్లో, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి. రోజూ బయటి నుంచి క్యారియర్ వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? మందు ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే లేచి పని అందుకోలేవు. బీపీ పడిపోయి, వాంతులై, కళ్ళు తిరిగి పడిపోతారు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఇప్పుడు వేసుకుంటున్న మోతాదు అలాగే ఉంచి ఈ వారంలోనే మీ గ్యాస్ట్రో డాక్టరు గారి దగ్గరికి వెళ్ళండి. ఎప్పుడు ఎంత దించాలో చెప్పాల్సింది ఆయనే.

ఇక మీ ప్రశ్నకు జవాబు: నెట్టుకురాకూడదమ్మా. చిన్న మోతాదైనా సరే. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఉబ్బిన ముఖం గురించి రాసిన వాక్యం కాదు. భయపడాల్సిన మందుని ఇంటి చుట్టంలా చూసుకుంటున్నారు, ఏళ్ళ తరబడి అండగా ఉండగలిగిన మందుల్ని గడప బయటే నిలబెట్టారు. మీ ఒక్కరి సంగతి కాదు. ఓపీలో నా బల్ల మీద క్యారీబ్యాగు బోర్లించే పదిమందిలో ఆరేడుగురిది ఇదే వరస. సగం వాడి వదిలేసిన మెసలమైన్ స్ట్రిప్పులు, అడుగున సీలు కూడా తీయని అజాథయోప్రిన్ డబ్బా, అన్నిటికన్నా పైన నలిగి నలిగి వెండి రేకు ఊడిపోయిన ప్రెడ్నిసలోన్. ఆ సంచీ చూస్తే చాలు, కథంతా తెలిసిపోతుంది.

మీ జబ్బు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మందుల సంగతి అర్థం కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ కణాలు దారి తప్పి పెద్దపేగు లోపలి పొర మీదే దాడి చేస్తున్నాయి. ఎందుకు అంటే ఒక్క కారణం చెప్పలేం. పుట్టుకతో వచ్చిన జన్యువులు, పేగులో ఉండే సూక్ష్మజీవులు, మారిన తిండి, ఇవన్నీ కలిసి చేసే పని. మీరు కారం తిన్నందుకో, దిగులు పడ్డందుకో వచ్చింది కాదు. రక్తం ఆగిపోయినంత మాత్రాన దాడి ఆగినట్టు కాదు. నివురుగప్పిన నిప్పు అంటామే, అచ్చం అదే. పైకి రోజుకొక్క విరేచనం, గట్టిగా, మామూలుగా. లోపల కెమెరా పెట్టి చూస్తే పొర ఇంకా ఎర్రగా, ముట్టుకుంటే చాలు చెమ్మగిల్లేలా ఉంటుంది. అది పూర్తిగా మానడానికి నెలలు పడుతుంది. మీరు నాలుగు నెలలకు మాత్రలు మానేసింది సరిగ్గా ఆ సమయంలోనే.

అందుకే 'మెసలమైన్ నాకు పనిచెయ్యలేదు' అని మీ మనసులో ఒక ముద్ర పడిపోయి ఉంటే దాన్ని చెరిపేయండి. అది పనిచేసింది. మీరు ఆపాక జబ్బు తిరగబెట్టింది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ఈ మందు కథ నాకు చాలా ఇష్టం, చెప్పకుండా ఉండలేను. 1930ల చివర్లో స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే డాక్టరమ్మ కీళ్ళవాతానికి మందు వెతుకుతూ, సల్ఫా మందునీ ఆస్పిరిన్ జాతి పదార్థాన్నీ ఒకే అణువుగా ముడివేయించింది. అదే సల్ఫాసలజీన్. కీళ్ళ కోసం ఇస్తే పేగు పుండ్లున్న వాళ్ళకు విరేచనాలు తగ్గడం మొదలైంది. ఎలాగో చాలాకాలం తెలియలేదు. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా ఆ ముడి విప్పుతుందనీ, విడిపోయిన రెండు ముక్కల్లో పేగుని మాన్పేది ఆస్పిరిన్ జాతి ముక్కేననీ 1977లో ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు తేల్చారు. తలనొప్పి, వికారం, దద్దుర్లు లాంటి తిప్పలు ఎక్కువగా సల్ఫా ముక్కవి. దాన్ని తీసేసి మిగిలినదాన్నే మాత్రగా చేస్తే మీరు వాడిన మెసలమైన్ అయింది. (మగవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: సల్ఫాసలజీన్ వాడినన్నాళ్ళు వీర్యకణాలు తగ్గుతాయి, మందు మార్చిన రెండు మూడు నెలల్లో మళ్ళీ మామూలవుతాయి. పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు డాక్టరుకు చెప్పాలి.)

మెసలమైన్ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి పనిచేసే మందు కాదు. గాయానికి లేపనం రాసినట్టు పేగు గోడకు తగిలి, తగిలిన చోట పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. మాత్రను నూరకూడదు, విరవకూడదు, నమలకూడదు. పై పొర చెదిరితే మందు పెద్దపేగు దాకా చేరకుండా దారిలోనే కరిగిపోతుంది. ఒక్కోసారి విరేచనంలో మాత్ర డొల్ల కనబడుతుంది, కంగారు పడకండి, మందు దిగిపోయిన ఖాళీ పొర అది. మాత్ర మాత్రగానే రోజూ పడిపోతుంటే మాత్రం చెప్పాలి, వేరే రకం ఇస్తారు. జబ్బు ఎగదన్నినప్పుడు రోజుకు 2.4 నుంచి 4.8 గ్రాములు, తగ్గాక నిలబెట్టడానికి కనీసం 2 గ్రాములు కావాలి. చాలామంది చీటీల్లో 400 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండో మూడో ఉంటాయి. ఆ లెక్క ఏమూలకీ రాదు. మీ పాత చీటీ తీసి లెక్క వేసుకోండి. మాత్రలన్నీ రోజుకు ఒకేసారి వేసుకున్నా బాగానే పనిచేస్తాయని రుజువైంది కాబట్టి, స్కూలు హడావుడిలో మూడుపూటలా గుర్తుపెట్టుకోలేనివాళ్ళు అలా అడిగి రాయించుకోవచ్చు. ఏడాదికోసారైనా కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చేయించుకోవాలి. అరుదుగా కొందరికి ఈ మందే పడక విరేచనాలు ఎక్కువవుతాయి. మీకు మొదటిసారి సుబ్బరంగా తగ్గింది కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

ఇంకొకటి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎనిమా, అంటే మలద్వారం గుండా ఎక్కించుకునే మందు. మీ జబ్బు ఎడమవైపు, అంటే కింది నుంచి అందే చోట ఉంది. ఇలాంటప్పుడు మాత్రలతో పాటు మెసలమైన్ ఎనిమా కూడా వాడితే, ఒట్టి మాత్రల కన్నా బాగా, త్వరగా తగ్గుతుంది. పైనుంచి వేసిన మందు అన్ని మలుపులూ తిరిగి చివరికి చేరేసరికి కొంతే మిగులుతుంది, ఎనిమా నేరుగా పుండు మీదే పడుతుంది. డాక్టరు రాయలేదో, రాసినా మీరు సిగ్గుపడి కొనలేదో నాకు తెలియదు. సిగ్గుపడేవాళ్ళే ఎక్కువ. ఎలా వాడాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

రాత్రి పడుకోబోయే ముందు, విరేచనానికి వెళ్ళి వచ్చాక పెట్టుకోవాలి. సీసాని ఒక పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. చల్లగా ఉంటే పేగు ముడుచుకుని వెంటనే బయటికి తోసేస్తుంది. బాగా కుదపండి, అడుగున మందు పేరుకుని ఉంటుంది. పక్క మీద పాత చీర మడతలు వేసి పరుచుకోండి, ఈ మందు పడితే బట్ట మీద గోధుమరంగు మరక పోదు. ఎడమవైపుకి తిరిగి పడుకుని, ఎడమకాలు చాపి, కుడి మోకాలు పొట్టవైపు మడిచి, మొనకి కొంచెం వాసెలిన్ లాంటిది రాసి లోపలికి పెట్టి, సీసాని నెమ్మదిగా పిండండి. ఒక్కసారిగా పిండితే ఆగదు. అరగంట అదే పక్కన ఉండి, తర్వాత ఎలా కావాలంటే అలా నిద్రపోవచ్చు. మొదటి రెండు మూడు రాత్రులు పావుగంటకే పరుగెత్తాల్సి వస్తుంది. పేగు మంట మీదుంది కదా, ఓర్చుకోదు. వదిలేయకండి. నాలుగో రోజుకో ఐదో రోజుకో కాసేపు నిలుస్తుంది, వారం పది రోజుల్లో తెల్లవార్లూ నిలుస్తుంది. ఆ రోజు పేషెంట్ల ముఖాలు చూడాలి. 'మేడమ్, రాత్రంతా ఆగింది' అని పరీక్ష పాసైనట్టు చెబుతారు.

ఇప్పుడు స్టెరాయిడ్ దగ్గరికి వద్దాం. దాన్ని తిట్టడానికి నాకు మనసొప్పదు. ఉధృతంగా వచ్చిన కొలైటిస్‌తో మనుషులు మంచాల మీదే పోయే రోజుల్లో, 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఇంగ్లండ్‌లో కార్టిసోన్ ఇచ్చి చూసి, చావులు బాగా తగ్గుతాయని నిరూపించారు. నిప్పంటుకున్నప్పుడు నీళ్ళు కొట్టే ఫైరింజను అది. దానికి సాటి ఇంకోటి లేదు. అయితే మంట ఆరాక ఫైరింజనుని ఇంట్లో పెట్టుకుని కాపురం చెయ్యం కదా. మంటని ఆర్పుతుందే గానీ, మళ్ళీ రాకుండా ఆపే గుణం స్టెరాయిడ్‌కి లేదు. తక్కువ మోతాదులో ఏళ్ళపాటు ఇచ్చినా జబ్బు తిరగబెట్టడం ఆగదని పరీక్షించి చూసిన సంగతే. అంటే మీరు వేసుకుంటున్న ఆ చిన్న మోతాదు జబ్బుని ఆపట్లేదు, ఎముకల్ని మాత్రం తింటోంది.

సాధారణంగా 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారానికి కొంత చొప్పున దించుకుంటూ రెండు మూడు నెలల్లో పూర్తిగా ఆపేస్తాం. మూడు నెలల్లో 10 మి.గ్రా. కంటే కిందికి దించలేకపోయినా, ఆపిన మూడు నెలల్లోపు తిరగబెట్టినా, ఏడాదిలో రెండో కోర్సు అవసరమైనా, 'ఈ మనిషికి స్టెరాయిడ్ చాలదు, పై మెట్టు మందు కావాలి' అని మా లెక్క. మీది నాలుగోది. మీ డాక్టరు గారు అజాథయోప్రిన్ రాయడం తొందరపాటు కాదమ్మా, నన్నడిగితే ఇంకా ముందే రాయాల్సింది.

ముఖం ఉబ్బడం, మొటిమలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఇవన్నీ మందు తగ్గితే పోతాయి. అంత సులువుగా పోనివి వేరే ఉన్నాయి. కళ్ళలో శుక్లాలు, షుగరు, ఎముకలు గుల్లబారడం. మూడేళ్ళు ఇలాగే సొంతంగా ప్రెడ్నిసలోన్ మింగిన ఒకాయన, నలభై కూడా నిండలేదు, నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టేసిందని వచ్చాడు. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి అగ్గిపెట్టె తొక్కినట్టు నలిగిపోయి ఉంది. మీరు మళ్ళీ షాపుకి వెళ్ళకుండా ఉండాలనే ఇది రాశాను. మందు దించేలోపు కాల్షియం, విటమిన్ డి వేసుకోండి, షుగరు, బీపీ చూపించుకోండి.

అజాథయోప్రిన్‌కి వస్తాను. మీ భయం ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

ఇది దారి తప్పిన రక్షణ కణాల జోరుని తగ్గించే మాత్ర. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు అరవై ఏళ్ళుగా ఇస్తున్నదే. నిదానం దీని స్వభావం. పనిచేయడం మొదలవడానికే రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే మొదట్లో స్టెరాయిడ్ కూడా నడుస్తుంది. ఇది పుంజుకునే కొద్దీ అది దిగిపోతుంది. మూడు వారాలు వేసుకుని 'తేడా ఏం లేదు' అని మానేసేవాళ్ళు చాలామంది. మీరు వాళ్ళలో చేరకండి.

క్యాన్సర్ మాట అబద్ధం అనను. లింఫోమా అనే ఒక రకం రక్త సంబంధ క్యాన్సర్ అవకాశం ఈ మందుతో పెరుగుతుంది. ఎంత? ఫ్రాన్స్‌లో 19 వేల మందికి పైగా పేగుపూత రోగుల్ని వెంబడించి 2009లో లెక్క తేల్చారు. ఈ జాతి మందులు వాడుతున్నవాళ్ళలో ఏడాదికి వెయ్యి మందికి ఒకరి కంటే తక్కువ. వాడనివాళ్ళలో అంతకంటే తక్కువ, దాదాపు నాలుగు వేల మందికి ఒకరు. 'కొన్ని రెట్లు పెరుగుతుంది' అని ఫోన్‌లో చదివితే గుండె గుభేలుమంటుంది. దేనికి రెట్లు అన్నది అక్కడ రాయరు. పైగా వయసు మీరినవాళ్ళలో ఆ అవకాశం ఎక్కువ, మీ వయసులో తక్కువ. ఇంకో పక్క, మంట ఆరకుండా ఏళ్ళ తరబడి రగిలే పేగులోనే క్యాన్సర్ రావచ్చు. ఈ జబ్బు మొదలైన ఎనిమిదేళ్ళ నుంచి కొలనోస్కోపీతో కనిపెట్టుకుని ఉండమనేది అందుకే. మందు వాడటంలోనే కాదు, వాడకపోవడంలోనూ క్యాన్సర్ ఉంది. చర్మానికి కూడా కొంచెం జాగ్రత్త కావాలి కాబట్టి ఎండలో గొడుగు వేసుకోండి.

నిజంగా కనిపెట్టుకోవాల్సింది తెల్లకణాల్ని. కొందరి ఒంట్లో ఈ మందు విరగాల్సినంత వేగంగా విరగదు. తెల్లకణాలు దారుణంగా పడిపోతాయి. మన ఆసియా వాళ్ళలో దీనికి ముఖ్యమైన కారణం నుడ్‌ట్15 అనే జన్యువులో తేడా అని 2014లో కొరియా పరిశోధకులు కనుక్కున్నారు. ఇప్పుడు ఆ పరీక్ష మన పెద్ద ల్యాబుల్లోనూ చేస్తున్నారు. ఒక్కసారి చేయించుకుంటే జీవితానికి సరిపోతుంది. కుదిరితే మొదటి మాత్రకు ముందే చేయించండి. కుదరకపోతే 25 లేదా 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, మొదటి రెండు నెలలు వారానికో రెండు వారాలకో సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష చూసుకుంటూ పెంచుతారు. తర్వాత మూడు నెలలకోసారి. పరీక్షలు ఎగ్గొట్టేటట్టయితే ఈ మందు వద్దు. ఆ షరతు మీద నేను రాజీపడను.

ఇంట్లో మీరు గుర్తుపట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదలుపెట్టిన కొన్ని వారాల్లో దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడొస్తే, అది షాంపూ తప్పు కాదు. అజాథయోప్రిన్ ఆపి ఆ రోజే సీబీసీ చేయించండి. జ్వరం, గొంతునొప్పి వచ్చినా అంతే. మొదటి నెలలో పైపొట్టలో నొప్పి వీపులోకి పొడుచుకుంటూ వాంతులైతే క్లోమం వాచిందేమో చూడాలి. ఆ రోజే వెళ్ళండి, ఈ మందు ఇక జన్మలో వేసుకోకండి. వికారం ఒక్కటే అయితే రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ దీనితో కలిస్తే ప్రమాదం. మీకు ఆ అవసరం లేకపోయినా ఈ పేజీ చదివే పెద్దవాళ్ళకు ఉండొచ్చు.

పిల్లల సంగతి. మీ అత్తగారికి కోపం తెప్పించే మాట చెప్పాల్సి వస్తోంది, ఆవిడ మీ మంచికే అంటున్నారని తెలుసు. గర్భానికి చేటు చేసేది మెసలమైనూ కాదు, అజాథయోప్రినూ కాదు, రగులుతున్న పేగు. జబ్బు ఎగదన్ని ఉన్నప్పుడు కడుపు వస్తే నిలవకపోవడం, నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ, ఇవన్నీ ఎక్కువ. చల్లారి ఉన్నప్పుడు వస్తే మామూలు ఆడవాళ్ళతో దాదాపు సమానం. కాబట్టి స్టెరాయిడ్ పూర్తిగా మానిన తర్వాత కనీసం మూడు నెలలు, ఆరైతే ఇంకా మంచిది, పేగు నెమ్మదించి ఉండాలి. అప్పటిదాకా ఆగండి. 28 అంటే వయసేమీ మించిపోలేదు. కడుపుతో ఉండగా, పాలిచ్చేటప్పుడు కూడా ఈ రెండు మందులూ కొనసాగించవచ్చు. నెల తప్పిందని తెలియగానే భయపడి అన్నీ ఆపేసి, నాలుగో నెలలో రక్తం ఓడుతూ వచ్చి అడ్మిట్ అయ్యేవాళ్ళను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మెథోట్రెక్సేట్ అనే మందు ఒకటుంది, దాన్ని మాత్రం కనీసం మూడు నెలల ముందే ఆపాలి. మీకు అది రాయలేదు. వీలైతే ఈసారి మీ అత్తగారిని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నేను రాసిన దానికన్నా ఆయన ఎదురుగా కూర్చుని చెబితే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది.

పసరు మందు గురించి అడిగారు. ఆకులో ఏముందో నాకు తెలియకుండా మంచిదనీ చెడ్డదనీ అనలేను. అయితే రెండు విషయాలు కళ్ళారా చూశాను. పేరూ ఊరూ లేని పొడులు వారంలో మంత్రం వేసినట్టు తగ్గిస్తే వాటిలో స్టెరాయిడ్ నూరి కలిపి ఉండే అవకాశం ఉంది. మీరు పారిపోవాలనుకున్న మందే దొడ్డిదారిన వస్తుంది. కొన్నిటితో లివర్ దెబ్బతింటుంది, అజాథయోప్రిన్ కూడా నడుస్తుంటే ఏది చేసిందో తేల్చలేం. పసుపు గురించి చాలామంది అడుగుతారు. మెసలమైన్‌తో పాటు పసుపులో ఉండే కర్కుమిన్ ఇచ్చి చూసిన చిన్న చిన్న అధ్యయనాల్లో కొన్నిటిలో మేలు కనబడింది, కొన్నిటిలో లేదు. కూరలో పసుపు నిక్షేపంగా వేసుకోండి. మందుకి బదులుగా వద్దు.

అంతకంటే పెద్ద శత్రువు మీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండొచ్చు. నెలసరి నొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్, ఒళ్ళు నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. ఈ జాతి నొప్పి మాత్రలు చాలామందిలో పేగుని రెచ్చగొడతాయి. నాలుగుసార్లు తిరగబెట్టిందన్నారు కదా, ప్రతిసారీ దానికి ముందు వారం ఏం వేసుకున్నారో గుర్తు తెచ్చుకోండి. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ చాలు. రక్తం పడుతున్నప్పుడు విరేచనాలు బిగించే లోపెరమైడ్ మాత్రలు కూడా వద్దు, పేగు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అజాథయోప్రిన్ ఒక్కటే అడిగి రాకండి. స్టెరాయిడ్ మీద ఉండగానే రక్తం పడుతోందంటే, అది జబ్బేనా, మధ్యలో వేరే ఇన్‌ఫెక్షన్ చేరిందా అని తేల్చాలి. మలపరీక్షలో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఉందేమో చూడాలి. కొంచెం దూరం కెమెరా పెట్టి చిన్న ముక్క తీసి సీఎంవీ వైరస్ ఉందేమో చూస్తారు. అదే ఉంటే స్టెరాయిడ్ పెంచినకొద్దీ పేగు ఇంకా పాడవుతుంది, మందు వేరు. సీబీసీ, సీఆర్‌పీ (ఒంట్లో మంటని చూపే రక్తపరీక్ష), మలంలో కాల్‌ప్రొటెక్టిన్ కూడా చేయించమనండి. ఈ చివరిది మంట ఎంత ఉందో అంకెల్లో చెబుతుంది, ప్రతిసారీ కొలనోస్కోపీ అక్కర్లేకుండా చేస్తుంది. హిమోగ్లోబిన్ తగ్గి ఉంటే, మంట మీదున్న పేగుకి ఐరన్ మాత్రలు పడవు, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి అడగండి.

అజాథయోప్రిన్ పడకపోయినా, చాలకపోయినా దారులు మూసుకుపోలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షన్ 1998లో వచ్చింది. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం సెలైన్‌లో ఎక్కించి, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి. అడాలిముమాబ్ రెండు వారాలకోసారి ఇంట్లోనే పొట్టకో తొడకో పొడుచుకునేది. దీని బయోసిమిలర్‌ని (వేరే కంపెనీ చేసిన దాదాపు అలాంటి మందుని) ప్రపంచంలో మొదట 2014లో అమ్మకానికి తెచ్చింది మన దేశమే, అప్పట్నుంచి ధర కొంత దిగింది. దిగినా మధ్యతరగతి ఇంటికి బరువే, దాచిపెట్టి లాభం లేదు. వీటికి ముందు టీబీ పరీక్షలు తప్పనిసరి, ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా. మన ప్రాంతంలో ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉన్నవాళ్ళు ఎక్కువ, ఈ ఇంజెక్షన్లు దాన్ని నిద్రలేపుతాయి. హెపటైటిస్ బి కూడా చూస్తారు. వెడొలిజుమాబ్ పేగు మీదే పనిచేస్తుంది కాబట్టి ఆ భయం తక్కువ, ఖరీదు ఎక్కువ. టోఫాసిటినిబ్ అని ఒక మాత్ర ఉంది, మన దేశంలో జనరిక్‌గా దొరుకుతుంది, చాలా త్వరగా పనిచేస్తుంది. అగ్గిచప్పి, రక్తం గడ్డకట్టడం లాంటి బెడదలు ఉన్నాయి, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకు ఇవ్వం. అందుకని మీకు ప్రస్తుతానికి అది కాదు.

డాక్టరు క్రోన్స్ (దీనికి దగ్గరి చుట్టమైన ఇంకో పేగు జబ్బు) అని చెప్పిన పాఠకులు పై విషయాలన్నీ తమకు అన్వయించుకోవద్దు. క్రోన్స్‌లో మెసలమైన్ ఉపయోగం చాలా తక్కువ. పేగు టీబీ కూడా అచ్చం అలాగే కనబడుతుంది కాబట్టి ముందు ఆ లెక్క తేల్చుకోవాలి.

ఇక్కడి దాకా చెప్పినవన్నీ నిదానంగా చేసుకునేవి. ఒక్కటి మాత్రం నిదానం పనికిరాదు. రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు రక్తంతో అవుతూ, దానితో పాటు జ్వరమో, నాడి నిమిషానికి 90 దాటడమో, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గడమో ఉంటే ఇంట్లో ఉండకూడదు. 1955లో ఆ ఇద్దరు డాక్టర్లు గీసిన గీతే ఇది, ఈ రోజుకీ మేం దాన్నే వాడుతున్నాం. అడ్మిట్ చేసి నరం ద్వారా స్టెరాయిడ్ ఇచ్చి, మూడో రోజుకి తగ్గుముఖం పట్టిందో లేదో చూసి తర్వాతి మందు నిర్ణయించాలి. ఉబ్బిన పొట్ట, ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం (రక్తం గడ్డకట్టి ఉండొచ్చు) కూడా అంతే అర్జెంటు.

జీవితాంతం వాడాలా అని మీరు అడగలేదు గానీ, ఆ ప్రశ్న మీ మనసులో ఉందని తెలుసు. మెసలమైన్ ఏళ్ళ తరబడి వాడాల్సిందే, బీపీ మాత్రలాగా. అజాథయోప్రిన్ కొన్నేళ్ళు బాగా నిలబడ్డాక, కెమెరాలో పేగు నున్నగా కనబడ్డాక, ఆపవచ్చా అని డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. టీచరుగా పీరియడ్ మధ్యలో క్లాసు వదిలి పరుగెత్తడం, బస్సెక్కాల్సిన రోజు పొద్దున పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకపోవడం ఎంత నరకమో ఈ జబ్బున్నవాళ్ళు నాతో ఏడ్చి చెప్పారు. మీ హెడ్మాస్టర్‌కి జబ్బు పేరు చెప్పి, బాత్రూముకి దగ్గరగా ఉన్న గది అడగండి. అందులో నామోషీ లేదు.

ఆ పాత చీటీని మాత్రం ఈసారి డాక్టరు గారికే ఇచ్చేసి రండి. పరీక్షల రిపోర్టులు వచ్చాక, మీ బరువు, మందుల పేర్లు, మోతాదులు చీటీలో ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి. అజాథయోప్రిన్ మీకు ఎంత దాకా పెంచవచ్చో అప్పుడు చెబుతాను.